టైప్ 1 షుగరు ఉన్న మావాడి మడమ దెబ్బ ఆరు వారాలైనా మానలేదు, మీ పిల్లలకి ఇలా అయిందా?

కునుకులేని అమ్మ:

నమస్తే అండీ. మావాడికి తొమ్మిదేళ్లు. టైప్ 1 అని తెలిసి మూడేళ్లయింది. రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు, చేతికి షుగరు చూపే సెన్సార్, అన్నీ అలవాటైపోయాయి. ఈ మధ్యదాకా బాగానే ఉన్నాడు కూడా, చివరిసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 7.2 వచ్చింది.

ఆరు వారాల కిందట వాళ్ల నాన్న వెనక సైకిల్ క్యారేజీ మీద కూర్చుని వస్తుంటే కుడికాలు వెనక చక్రం చువ్వల్లో పడింది. మడమ వెనక, సరిగ్గా బూటు అంచు తగిలే చోట, చర్మం ఒరుసుకుపోయింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు, టీటీ సంగతి చూశారు, కడిగి కట్టు కట్టి పంపారు. మొదటిరోజు చూస్తే గీసుకుపోయినట్టే ఉంది, ఇంతేగా అనుకున్నాం. నాలుగో రోజుకి ఆ చుట్టుపక్కల చర్మం నల్లబడి ఊడిపోయింది, కింద రెండు బొటనవేలి గోళ్లంత పుండు తేలింది.

చీము లేదు, వాసన లేదు, జ్వరం లేదు. మూడో వారం వరకు బాగానే చిన్నదవుతూ వచ్చింది, అక్కడ ఆగిపోయింది. పక్కు కడుతుంది, మళ్లీ రెండు రోజులకి చూస్తే అంచు పచ్చిగా ఉంటుంది, కాస్త రసి. డాక్టరు గారు "నెమ్మదిగా మానుతుంది, షుగరు అదుపులో పెట్టండి" అంటారు. అదే చేతకావడం లేదండీ. ఇంతకుముందు 110, 150 మధ్య ఉండేవాడు ఇప్పుడు పగలంతా 220, 250. ఆట లేదు, బడికి వెళ్తున్నా ఒకచోట కూర్చోబెట్టేస్తున్నారు. రాత్రయితే ఇంకో తంతు. రెండింటికి సెన్సార్ మోగుతుంది, 58 అని, 55 అని. గాభరాగా లేపి గ్లూకోజ్ నీళ్లు తాగిస్తాను. పొద్దున్నే చూస్తే 270.

కట్టు రెండు రోజులకోసారి మార్చమన్నారు, అలాగే మారుస్తున్నా. టేపు మాత్రం ఏ రకం వాడినా మర్నాటికల్లా ఒక మూల లేచిపోతోంది, మంచిది ఏదైనా తెలిస్తే చెప్పండి.

అసలు రాయాలనిపించింది వేరే దానికి. మొన్న ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన వాడి ముందే "షుగరున్నవాళ్లకి కాలి దెబ్బలు మానవమ్మా, మా పెదనాన్నకి వేలు తీసేశారు" అన్నారు. వాడు ఏమీ మాట్లాడలేదు. రాత్రి లైటు ఆపేశాక మెల్లిగా "అమ్మా, ముందు వేలు తీస్తారా, ఒకేసారి కాలు తీస్తారా" అని అడిగాడు. "ఛ, ఊరుకో, అలాంటిదేం లేదు" అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. వాడికి ఏం చెప్పాలి? మావారైతే ఆ రోజు నుంచి సైకిల్ ముట్టుకోలేదు, నేను కట్టు మార్చేటప్పుడు గదిలోంచి వెళ్లిపోతారు.


ఇద్దరు పిల్లల నాన్న:

ముందు రాత్రి సంగతి చెప్పండి. కాలు దిండు మీద ఎత్తి పెట్టి పడుకోబెడుతున్నారా? అలాగైతే రాత్రంతా వాడు ఒకే పక్కకి తిరిగి ఉంటాడు. సెన్సార్ ఆ పక్క చేతికే ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే మా పాపకి (పదకొండేళ్లు, టైప్ 1 వచ్చి ఐదేళ్లు) పోయినేడు మణికట్టు విరిగినప్పుడు మేమూ ఇలాగే వారం రోజులు మోసపోయాం. సెన్సార్ చూసేది నేరుగా రక్తాన్ని కాదు, చర్మం కింద ఉండే ద్రవాన్ని. దాని మీద బరువేసి పడుకుంటే అక్కడికి రక్తం అందడం తగ్గి షుగరు పడిపోయినట్టు చూపిస్తుంది. ఒంట్లో నిజంగా పడదు. మనం ఆ అంకె చూసి గ్లూకోజ్ పోస్తాం, బాగున్న పిల్లాడికి అర్ధరాత్రి చక్కెర తాగించినట్టే, పొద్దున్నకి 270 రాక ఏమవుతుంది. గ్రాఫ్ చూస్తే తెలిసిపోతుంది. నిజంగా తగ్గేటప్పుడు వాలుగా దిగుతుంది, ఇలా నొక్కుకున్నప్పుడు పావుగంటలో గోడ దిగినట్టు దిగి, పక్కకి తిరగ్గానే మళ్లీ అలాగే లేస్తుంది. ఈ రాత్రి మోగితే వాణ్ని పక్కకి తిప్పి, వేలు తుడిచి గ్లూకోమీటర్‌తో చూడండి. చెమటలు పట్టినా, వణుకుతున్నా, లేపితే సరిగ్గా లేవకపోయినా, వేలితో చూడటం కుదరకపోయినా మాత్రం ఆలోచించకుండా తక్కువైనట్టే లెక్క, ముందు షుగరు పెంచే పని చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, అది మీకు తెలిసే ఉంటుంది.

ఇక పగటి 250లు. ఇందులో మీ తప్పేం లేదు. దెబ్బ తగిలిన ఒంట్లో అడ్రినలిన్, కార్టిజాల్ ఎక్కువగా తయారవుతాయి, అవి కాలేయంలోంచి చక్కెరను రక్తంలోకి తోస్తాయి, ఇన్సులిన్ పనిని కూడా మందగింపజేస్తాయి. దానికి తోడు పరుగులు ఆగిపోయాయి. రోజూ గంట గెంతే పిల్లాడికి సరిపోయిన ఇన్సులిన్ కూర్చున్న పిల్లాడికి సరిపోదు. పుండు చూసే డాక్టరుతో ఇది తేలదు, షుగరు డాక్టరుకి పది రోజుల గ్రాఫులు పంపించండి. మాకు బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) పెంచి, భోజనం ముందు వేసేదాని లెక్క కూడా మార్చారు. మీకెంత అన్నది వాళ్లే చెప్పాలి, ఇక్కడ ఎవరైనా యూనిట్లు చెబితే వినకండి, నేను చెప్పినా సరే. కాకపోతే రాత్రి చక్కెర నీళ్ల సంగతి తేల్చుకున్నాకే డోసు పెంచమనండి, లేకపోతే తప్పుడు గ్రాఫ్ చూసి పెంచినట్టవుతుంది.

250 దాటి దిగకుండా ఉంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) చూస్తున్నారా? రక్తంలో 0.6 లోపు ఉంటే ఫర్వాలేదు, 1.5 దాటితే డాక్టరుకి ఫోన్, 3 వస్తే ఫోన్లు కూడా కాదు, నేరుగా ఆసుపత్రికే. నొప్పికి తిండి తినడం లేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇంకోటి, దెబ్బ త్వరగా మానాలని విటమిన్ సి మాత్రలేమైనా ఇస్తున్నారా? కొన్ని రకాల సెన్సార్లు విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. సెన్సార్ పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం ఎవరూ చదవరు, అందులో రాసి ఉంటుంది.


ఊరికే వచ్చా:

కట్టు తీసేసి గాలి తగలనివ్వండి మేడమ్. రోజూ స్పిరిట్‌తో తుడవండి. ఎండితే అదే మానుతుంది. మా చిన్నప్పుడు ఇన్ని కట్లు ఎక్కడివి.


కట్లు కట్టే అక్క:

దయచేసి పైన చెప్పినట్టు చేయకండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి క్రిములతో పాటు అప్పుడే పుడుతున్న కొత్త కణాల్ని కూడా చంపేస్తాయి. నురగ వస్తోంది కాబట్టి పనిచేస్తోందనుకుంటారు, ప్రతిరోజూ మొదటికే తెస్తున్నారని తెలీదు. సెలైన్ చాలు. గాలికి ఎండబెట్టడం కూడా పాత మాటే, 1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద చేసి చూపించారు, పైన పొర కప్పి తేమగా ఉంచిన గాయాల మీద చర్మం గాలికి వదిలేసిన వాటికంటే సుమారు రెండింతలు వేగంగా పరుచుకుంది.

నేను పద్నాలుగేళ్లుగా డ్రెస్సింగ్ గదిలో పనిచేస్తున్నానమ్మా, చువ్వల్లో మడమ పడ్డ పిల్లలు ఎందరొచ్చారో లెక్కలేదు. మీరు రాసింది చదువుతుంటే ఇది అచ్చం ఆ దెబ్బే. మొదటిరోజు గీసుకుపోయినట్టుంటుంది, చక్రం లోపల చర్మాన్ని నలిపేసి ఉంటుంది, నలిగిన చర్మం చచ్చి నల్లబడటానికి కొన్ని రోజులు పడుతుంది. మడమ వెనక చర్మం కింద కండ ఉండదు, నేరుగా లావుపాటి నరంలా తగులుతుందే ఆ స్నాయువే, అడుగు వేసిన ప్రతిసారీ అది కదులుతుంది, పైనున్న పుండు అంచు లాగబడుతుంది. షుగరు లేని పిల్లలకి కూడా ఇక్కడ వారాలు పడుతుంది. మీ చుట్టానికి ఈ ముక్క చెప్పండి.

పెద్దవాళ్లకి షుగరుతో కాళ్లు పాడయ్యేది ఏళ్ల తరబడి నరాలు మొద్దుబారి దెబ్బ తగిలినా తెలియక, రక్తనాళాలు సన్నబడి రక్తం అందక. మూడేళ్ల టైప్ 1తో తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ రెండూ ఉండటం దాదాపు జరగదు. కట్టు మార్చేటప్పుడు "అబ్బా" అంటున్నాడా? అంటే నరం బాగున్నట్టే. అలాగని షుగరుకి సంబంధం లేదని కాదు, అది 250లో ఉంటే క్రిములతో పోరాడే తెల్లకణాలు బద్ధకిస్తాయి, కొత్త కండ సరిగ్గా అల్లుకోదు. కానీ అన్నీ దాని మీద తోసేస్తే అసలు కారణం వెతకడం మానేస్తాం, అదే నాకు నచ్చదు.

మూడు వారాలుగా ఒకేచోట ఆగిపోయిందంటున్నారు కాబట్టి మళ్లీ చూపించండి, "నెమ్మదిగా మానుతుంది" అనే మాటతో తిరిగి రావద్దు. పెద్దవాళ్ల షుగరు పుండ్లకి మేం వాడే లెక్క ఏంటంటే నాలుగు వారాల్లో విస్తీర్ణం సగానికి రాకపోతే కట్టు మార్చుకుంటూ కూర్చోకూడదు, మళ్లీ మొదటి నుంచి చూడాలి. లోపల ఇసుకరేణువో ఇంకేదో ఉండిపోయిందా, స్వాబ్ పరీక్ష కావాలా, ఎముకకి ఏమైనా పాకిందేమో మళ్లీ ఎక్స్‌రే తీయాలా అని అడగండి. హిమోగ్లోబిన్ చూపించండి. టైప్ 1 పిల్లల్లో సీలియాక్ అనే పేగు సమస్య మామూలు పిల్లల్లో కంటే ఎక్కువ, అదుంటే తిన్నది ఒంటికి పట్టదు, ఐరన్ తగ్గుతుంది. ఆ రక్తపరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో కాగితాలు తీసి చూడండి.

ఎరుపు పాకుతోందేమో అని అనుమానం వస్తే దాని అంచు వెంట పెన్నుతో గీత గీయండి, గీత దాటితే ఆ రోజే వెళ్లాలి. జ్వరం, పైకి పాకే ఎర్రచార, చీము, దుర్వాసన, ఉన్నట్టుండి నొప్పి పెరగడం, వీటికి పొద్దున్నదాకా ఆగొద్దు.

టేపు సంగతి అడిగారు కదా, నాకు అదే వింతగా ఉంది. అతుక్కోని టేపు అయితే నాలుగు మూలలూ లేస్తాయి. మీకు ఎప్పుడూ ఒకటే మూలా? ఏ మూల? ఇంకోటి, కట్టు మూసి ఉన్నచోట మామూలుగా అంత గట్టి పక్కు కట్టదు, గాలి తగిలితేనే కడుతుంది.


కునుకులేని అమ్మ:

అక్కా, మీ మాట చదివి లేచి వెళ్లి చూశాను. ఎప్పుడూ ఒకటే. లోపలివైపు, పైమూల. వాడు కాలు మడిచి కూర్చుంటే వాడి చేతికి అందే మూల.

అన్నా, మీరు చెప్పింది నిజం. ఎడమ పక్కకి పడుకుంటాడు, సెన్సార్ ఎడమ చేతికే. నిన్న రాత్రి రెండుంపావుకి 57 అని మోగింది, చేతులు వణుకుతుండగానే వేలితో చూశాను, 124. పక్కకి తిప్పి పడుకోబెడితే ఇరవై నిమిషాల్లో సెన్సార్ కూడా 120కి వచ్చింది. ఇన్ని రాత్రులు నిద్రలో ఉన్న పిల్లాణ్ని లేపి చక్కెర తాగించాను నేను. విటమిన్ సి ఏమీ ఇవ్వడం లేదు.

టేపు సంగతి వాణ్ని ఇంకా అడగలేదు. ఎలా అడగాలో తెలియడం లేదు, కోపం వస్తోంది, ఏడుపూ వస్తోంది.


ఇరవయ్యేళ్ల సూదులు:

అక్కా, కోపం తగ్గాకే అడగండి. నాకు ఏడో ఏట వచ్చింది టైప్ 1, ఇప్పుడు ఇరవై ఎనిమిది. పదేళ్లప్పుడు కాలికి బొబ్బ లేచి పగిలితే మా అమ్మకి చెప్పకుండా సాక్స్ వేసుకుని తిరిగాను, ఎందుకో తెలుసా, నా షుగరు 300 చూసినప్పుడు అమ్మ మొహం ఎలా అయ్యేదో నాకు తెలుసు, కాలు చూస్తే ఇంకెలా అవుతుందో అని. నొప్పి కంటే ఆ మొహానికే భయపడేదాన్ని.

మీ వాడు లైటు ఆపేశాక అడిగాడు అన్నారు, అంటే పొద్దున్నుంచీ దాన్నే మోస్తూ తిరిగాడు. "అలాంటిదేం లేదు, ఊరుకో" అంటే మనకి ధైర్యం చెప్పినట్టుంటుంది, వాడికి మాత్రం ఈ విషయం మాట్లాడకూడదు అని వినబడుతుంది. కాబట్టి మళ్లీ మీరే ఎత్తండి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, ఏదో పని చేసుకుంటూ, "ఆ రోజు వేలు, కాలు అని అడిగావు కదా, నేను సరిగ్గా చెప్పలేదు" అని మొదలుపెట్టండి. ఆ తాతకి ఎందుకలా అయింది, నీ కాలికి ఎందుకలా కాదు అన్నది పైన అక్క రాసిందే చెప్పండి, తొమ్మిదేళ్లవాడికి అర్థమవుతుంది, నరం, రక్తం, నొప్పి. "నీకు నొప్పి తెలుస్తోంది కదా, అది మంచి గుర్తు" అనండి. ఎప్పుడు మానుతుందో తేదీ చెప్పకండి, ఆ తేదీ దాటితే ఇక మీ మాట నమ్మడు.

టేపు తీస్తున్నావా అని నిలదీస్తే లేదంటాడు, నేనైతే లేదనే అనేదాన్ని. "చూడాలనిపిస్తోందా" అని అడగండి. చూడనివ్వండి కూడా. కట్టు మార్చే రోజు ఫొటో తీసే పని, పక్కన స్కేలు పెట్టే పని వాడికిచ్చేయండి.

మీవారికి కూడా ఒక పని చెప్పండి అక్కా. చూడలేకపోతే చూడొద్దు, కాలు కదలకుండా పట్టుకోమనండి చాలు. నాన్న గదిలోంచి వెళ్లిపోతుంటే తన కాలు అంత ఘోరంగా ఉందనే అనుకుంటాడు పిల్లాడు.


కునుకులేని అమ్మ:

పన్నెండు రోజులైంది, అందరికీ చెప్పాలి కదా అని వచ్చాను.

బట్టలు మడతపెడుతూ అడిగాను, "చూడాలనిపిస్తోందా" అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నల్లగా అవుతోందేమో అని చూస్తున్నా" అన్నాడు. మొదట్లో చర్మం నల్లబడింది కదా, ఆ చుట్టం చెప్పిన పెదనాన్న వేలు కూడా నల్లబడిందట, అది ఎక్కడ విన్నాడో నాకు తెలియదు, నేను లేనప్పుడు చెప్పి ఉంటారు. రోజూ రాత్రి బాత్రూంలో కూర్చుని టేపు మూల లేపి చూస్తున్నాడు. పక్కు కట్టినచోట ముదురు రంగు కనబడితే కింద ఎలా ఉందో అని గోటితో కాస్త ఎత్తి చూస్తున్నాడు, మళ్లీ అతికించేస్తున్నాడు. పక్కు ఎండితే ముదురు రంగులోనే ఉంటుందని వాడికెవరు చెప్పారు, నేనా? నేను చెప్పలేదు. ఆ చుట్టం రాకముందు నుంచే మొదలుపెట్టాడట, మూడో వారం నుంచి అని వాడే లెక్క చెప్పాడు.

తిట్టలేదు. తాత సంగతి, నరాల సంగతి చెప్పాను. "అయితే నొప్పి పోతే చెప్పాలా" అని అడిగాడు, అవును వెంటనే చెప్పాలి అన్నాను.

మళ్లీ చూపించాం. ఎక్స్‌రేలో ఏమీ లేదు, లోపల రాయీ రప్పా లేవు. హిమోగ్లోబిన్ 10.1 ఉంది, ఐరన్ మొదలుపెట్టారు, సీలియాక్ పరీక్ష ఫలితం ఇంకా రావాలి. పుండుకి అంటుకోని రకం డ్రెస్సింగ్ ఇచ్చారు, తీసేటప్పుడు వాడు ఇదివరకులా కాలు లాక్కోవడం లేదు. నిద్రపోయేటప్పుడు పైన మెత్తటి బ్యాండేజీ చుట్టమన్నారు, ఆ చుట్టేది వాడే చుట్టుకుంటున్నాడు. కొత్త సెన్సార్ కుడిచేతికి మార్చాం. రాత్రి గ్లూకోజ్ ఆపేశాక పొద్దున 270 కాస్తా 160 అయింది, తర్వాత షుగరు డాక్టరు బేసల్ కొద్దిగా పెంచారు, ఇప్పుడు పగలు ఎక్కువసేపు 180 లోపే ఉంటున్నాడు. రోజూ కాదు. మొన్న 290 కూడా చూశాం, ఎందుకో తెలియలేదు.

పుండు పొడవు మొదటి ఫొటోలో 19 మిల్లీమీటర్లు, ఈ రోజు 13. మావారు వచ్చి కాలు పట్టుకుంటున్నారు, మొహం గోడవైపు పెట్టుకుని. "నాన్నా, ఇటు చూడు, గులాబీరంగులో ఉంది" అని వీడు పిలుస్తుంటాడు.

అక్కా, మానాక బూట్లు ఎప్పుడు వేయొచ్చు? బడిలో అడుగుతున్నారు.


కట్లు కట్టే అక్క:

13 అంటే బాగా దిగింది. బూట్లకి తొందరపడకండి, పైన మూసుకున్నా ఆ కొత్త చర్మం ఇంకా పలచటి కాగితమే, లోపల గట్టిపడటానికి నెలలు పడుతుంది, పూర్తిగా పాతదంత బలం ఎప్పటికీ రాదు. పూర్తిగా మూసుకుందని డాక్టరు చూసి చెప్పాక కూడా కొన్నాళ్లు మడమ వెనక అంచు లేని చెప్పులే వేయించండి, బడికి ఉత్తరం రాయించుకోండి. బూట్లు మొదలుపెట్టిన రోజు గంటసేపు వేసి విప్పి చూడండి, ఎర్రబడితే ఇంకో వారం ఆగండి. మళ్లీ పరుగులు మొదలుపెట్టేటప్పుడు షుగరు డాక్టరుకి ముందే చెప్పండి, ఇప్పుడు పెంచిన ఇన్సులిన్ అప్పటికి ఎక్కువైపోతుంది, ఆడిన రోజు రాత్రి పడిపోతే అది దిండు వల్ల కాకపోవచ్చు.

సైకిల్ వెనక చక్రానికి రెండు పక్కలా చువ్వలు మూసేలా జాలీ దొరుకుతుంది, కాళ్లు పెట్టుకునే పెడల్స్ కూడా బిగిస్తారు. మీవారికి చెప్పండి, గోడ చూస్తూ కూర్చునే బదులు అది బిగించుకోమనండి.